ఏటా మునిగే మైదానంలో అంతమంది ఎందుకుంటారు?

అట్లాసు పురుగు:

పోటీ పరీక్షలకి చదువుతున్నాను. నదీ మైదానాల పాఠం ఇది నాలుగోసారి తిరగెయ్యడం. "సారవంతమైన ఒండ్రు నేల, చదునైన భూమి, పుష్కలంగా నీరు, అందువల్ల జనసాంద్రత ఎక్కువ" అని కళ్ళు మూసుకుని రాసేస్తాను. మార్కులూ పడతాయి. కానీ బీహార్ లెక్క చూశాక మనసు ఒప్పుకోవడం లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ చదరపు కిలోమీటరుకి 1,106 మంది. పక్క పేజీలోనే వరదల పటం ఉంది, ఉత్తర బీహార్ దాదాపు అంతా నీలం రంగే. ఏటా నీళ్ళొచ్చే చోట వెయ్యిమంది ఎలా సర్దుకుంటున్నారు? ఎందుకు వెళ్ళిపోరు?

ఇంకో సందేహం కూడా ఉంది. మైదానమంటే చదునే కదా. చదునులో నది అంతంత దూరం ఎలా జరుగుతుంది? కోసీ నది రెండు, రెండున్నర వందల ఏళ్ళలో 120 కిలోమీటర్ల దాకా పడమటికి జరిగిందట. దాన్ని తోసిందెవరు?

వెతుక్కో అనకండి, వెతికాను. నివేదికలు బోలెడు దొరికాయి, వాటిలో మనుషులు మాత్రం దొరకలేదు. ఆ నేల మీద తిరిగినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

నిద్రమొహం:

వెళ్ళరని నీకెవరు చెప్పారు తమ్ముడూ? ఢిల్లీలో అపార్ట్‌మెంట్లు కట్టేదెవరు, పంజాబ్‌లో నాట్లేసేదెవరు? వెళ్ళేవాళ్ళు వెళ్తూనే ఉన్నారు. ఇల్లూ పొలమూ మాత్రం వెంట రావు. నాకు తెలిసింది ఇంతే, మిగతాది పెద్దలు చెప్తారు.

మెరకవీధి:

నేను సర్వేయర్ని, ఎత్తులు కొలిచే లెవెలింగ్ పని. ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాను. 2008లో కోసీ వరద తర్వాత రెండు సీజన్లు బీహార్‌లో సుపౌల్, మధేపురా జిల్లాల్లో తిరిగాను. పడిపోయిన ఇళ్ళు మళ్ళీ కట్టించే ఒక సంస్థ తరఫున వెళ్ళాను. ఏ ఇంటి అరుగు ఎంత ఎత్తున కట్టాలో తేల్చి చెప్పడం నా పని. పొద్దున్నే ట్రైపాడ్ భుజాన వేసుకుని ఊళ్ళోకి వెళ్తే, నేల ఎత్తు, గోడ మీద నీటి మరక ఎత్తు, బావి గట్టు ఎత్తు, అన్నీ పుస్తకంలోకి ఎక్కించుకుని సాయంత్రానికి బయటపడేవాణ్ణి.

ముందు ఆ "చదును" సంగతి చూద్దాం. పాట్నా దగ్గర నేల సముద్రమట్టానికి సుమారు 53 మీటర్లు. అక్కణ్ణుంచి సముద్రం గీత గీసినట్టు వెళ్ళినా ఐదువందల కిలోమీటర్ల పైమాటే. భాగించి చూడు, కిలోమీటరుకి పది సెంటీమీటర్లు. కిలోమీటరు నడిస్తే బెత్తెడు దిగుతావు. నడిచేవాడికి అది తెలియదు, నీటికి తెలుస్తుంది. అక్కడున్నవాళ్ళకీ తెలుస్తుంది. నాకు తెలియడానికి మూడు నెలలు పట్టింది. మొదటి నెలలో ఒక ఊరి చుట్టూ లెవెల్ తీసుకుని బయల్దేరిన చోటికే వచ్చి చూసుకుంటే 8 సెంటీమీటర్లు తేడా తేలింది. కొండ ఊళ్ళో అయితే ఇంత కంగారు పడేవాణ్ణి కాదు. అక్కడ 8 సెంటీమీటర్లంటే నీళ్ళు ముందు ఏ టోలాలోకి పోతాయన్నదే తారుమారైపోతుంది. (టోలా అంటే ఊరి నుంచి విడిగా ఉండే ఇళ్ళ గుంపు.) ఆ తేడా గొడవ తర్వాత చెప్తాను.

నదిని తోసిందెవరంటావా, నది తానే తోసుకుంది. నీరు పల్లమెరుగు అంటాం కదా, దాన్నిబట్టి నది ఎప్పుడూ అన్నిటికంటే పల్లంలో ఉంటుందనుకుంటాం. పెద్ద మైదానాల్లో ఇది తలకిందులు. వరదొచ్చి నీరు ఒడ్డు పొర్లగానే దాని జోరు తగ్గిపోతుంది. జోరు తగ్గితే ముందు బరువైనది రాలుతుంది, అంటే ఇసుక, అదీ ఒడ్డు పక్కనే. సన్నటి బంకమట్టి నీళ్ళతోపాటు ఇంకా దూరం పోయి, నీరు నిలిచిన చోట నింపాదిగా దిగుతుంది. ఇలా ఏటా జరిగితే ఏమవుతుంది? నది ఒడ్డు పెరుగుతుంది, నదికి దూరంగా ఉన్న నేల అంతగా పెరగదు. చివరికి నది మెరక మీద, జనం పల్లంలో. ఆ ఊళ్ళలో నేను నది వైపు నడిస్తే స్టాఫ్ (ఎత్తులు చూసే అంకెల కర్ర) మీద అంకె తగ్గేది, అంటే నేల పైకి లేస్తోందన్నమాట. మొదటిసారి చూసినప్పుడు పరికరం చెడిపోయిందనుకుని లెన్స్ తుడిచాను!

కోసీ ఇందులో అందరికంటే తొందరపాటుది. ఎవరెస్టు దక్షిణపు మంచు కరిగిన నీళ్ళు కూడా దాంట్లోవే. నేపాల్‌లో ఛత్రా అనే చోట కొండల్లోంచి ఒక్కసారిగా బయటపడుతుంది. అప్పటిదాకా ఉన్న వాలు పోతుంది, మోసుకొచ్చిన బరువు దింపేస్తుంది. దింపిన మేట విసనకర్రలా పరుచుకుంది, ఛత్రా దాని పిడి. నది ఆ విసనకర్ర మీద ఒక పుల్ల వెంబడి పారుతూ అక్కడ మేట వేసుకుంటూ పోతుంది. తన మెరక పక్కవాటికంటే ఎత్తయిన రోజున పక్క పుల్లలోకి జారిపోతుంది. ఇదే నీ 120 కిలోమీటర్లు.

ఇక మనుషుల సంగతి. "మునిగే ఊరు" అని మనం ఒక్క ముక్కలో అనేస్తాం గానీ ఊరంతా ఒకేలా మునగదు. నేను కొలిచిన ఒక ఊళ్ళో అన్నిటికంటే ఎత్తయిన నేలకీ అన్నిటికంటే పల్లానికీ తేడా మూడు మీటర్లు లేదు. ఆ మూడు మీటర్లలోనే లోకమంతా ఉంది. పైన మామిడితోట, వెదురు పొదలు, పెద్దకులాల ఇళ్ళు, గుడి. అరమీటరు దిగితే గోధుమ, మొక్కజొన్న. ఇంకో మీటరు దిగితే వరి. ఆ కింద చౌర్, అంటే ఏడాదిలో ఎక్కువకాలం నీళ్ళు నిలిచే పల్లం. అందులో చేపలు, మఖానా. మఖానా గింజ కోసం ముళ్ళాకుల కింద బురదలో మునిగి చేత్తో తడుముతారు, ఆ చేతులు చూస్తే తర్వాత అది తినబుద్ధి కాదు. ఆ చౌర్ అంచునే పేదల టోలా. అక్కడ ఎవరు ఏమిటో ఎవర్నీ అడగనక్కర్లేదు, స్టాఫ్ నిలబెడితే చాలు.

నువ్వు చదివే "సారవంతమైన" అనే మాటకి అర్థం నాకు అక్కడ తెలిసింది. పాతికడుగులు దింపితే పంపులో నీళ్ళు. శీతాకాలంలో ఒక పంట, ఎండాకాలంలో ఒకటి, వానాకాలంలో ఒకటి. వరద నిలిచేది పది రోజులు, కాదంటే మూడు వారాలు. మిగతా ఏడాదంతా ఆ నేల ఇస్తూనే ఉంటుంది. పైగా వరదకి అక్కడివాళ్ళ పాత మాటలు వేరే. నీళ్ళు పొలాల్లోకొచ్చి పోతే బోహ్. అంతకంటే పెద్దది హుమ్మా, దానికంటే పెద్దది సాహ్, చిట్టచివర ప్రళయ్. బోహ్ రాని ఏడాది రైతు దిగులుపడేవాడట. బెంగాలీవాళ్ళకీ రెండు మాటలున్నాయి: ఏటా వచ్చి పోయేది బర్షా, ముంచేది బొన్యా. మనం రెంటినీ కలిపి "వరద బీభత్సం" అని హెడ్డింగు పెడతాం.

మరి 2008లో అంత ఘోరం ఎందుకు జరిగిందంటావా? నీళ్ళు వచ్చింది నీళ్ళు మర్చిపోయిన ఊళ్ళకి. ఆగస్టు 18న నేపాల్‌లో కుసహా దగ్గర తూర్పు కట్టకి గండి పడింది. నదిలో ఎక్కువ నీరు పాత దారి వెతుక్కుంటూ తూర్పుకి తిరిగింది. అక్కడివాళ్ళు కట్ట వెనకాల యాభై ఏళ్ళు నిశ్చింతగా బతికారు. బీహార్‌లో 30 లక్షల మందికి పైగా చిక్కుకున్నారు. ఒక ఇంట్లో ధాన్యం కోఠీలు రెండు చూశాను, అవి మట్టితో చేసిన గాదెలు. ముసలాయన తండ్రి కాలం నాటి దానికి నడుమెత్తు కాళ్ళున్నాయి. ఆయన కొడుకు చేయించినదానికి కాళ్ళు లేవు, నేల మీదే కూర్చోబెట్టారు. వరదలో కాళ్ళున్నది నిలబడింది. రెండోది కరిగి నేల మీద గుండ్రటి మరకగా మిగిలింది. ఆ ఊళ్ళో పడవ ఒక్కటీ లేదు, ఉండాలని ఎవరికీ తోచలేదు కూడా.

కరకట్ట:

మెరకవీధి గారూ, బాగా చెప్పారు గానీ నేను ఒక మాట అడ్డం వేస్తాను. ముప్పై ఏళ్ళు ఇరిగేషన్‌లో చేశాను, వేరే నది మీద. కట్టల మీద కూర్చుని కట్టల్ని తిట్టడం ఈమధ్య అలవాటైపోయింది.

1953లో కోసీ వరద చూసినవాళ్ళు ఏం చేసి ఉండాల్సింది? 1954 ఏప్రిల్లో నేపాల్‌తో ఒప్పందమైంది, మరుసటి ఏడాది కట్టల పని మొదలైంది, ఆ తర్వాత భీమ్‌నగర్ బరాజ్. అంతకుముందు ఆ నది అడుగుపెట్టిన చోటల్లా ఇసుక దిబ్బలు, మలేరియా. కట్టలు కట్టాక అది అలా తిరగడం ఆగింది. దర్భంగా వైపు వాళ్ళని అడగండి, నది తమ మీదికి రాలేదని సంతోషిస్తారా లేదా? యాభై ఏళ్ళు నిశ్చింతగా బతికారని మీరే అన్నారు. యాభై ఏళ్ళంటే రెండు తరాలు. దాన్ని తీసిపారెయ్యకండి.

అసలు పథకంలో కట్టలు సగం మందే. పైన బరాహ్‌క్షేత్ర దగ్గర ఎత్తయిన డ్యామ్ కట్టి ఒండ్రుని అక్కడే ఆపాలన్న మాట 1940ల నుంచీ ఉంది. అది కట్టలేదు. సగం మందు ఇచ్చి రోగం తగ్గలేదంటే ఎలా?

ఇంజనీర్లు నేర్చుకోరని కూడా అనకండి. మిసిసిపీ మీద అమెరికావాళ్ళు కట్టలొక్కటే చాలని మొండికేశారు. 1927లో నది ఆ మాట అబద్ధం చేసింది. మరుసటి ఏడాదే చట్టం చేసి పద్ధతి మార్చారు, నీళ్ళు పక్కకి వదిలే దారులు పెట్టారు. న్యూ ఆర్లియన్స్ పైన బోనే కారే అనే స్పిల్‌వే అలా వచ్చిందే. ఆ నది కూడా పక్కనున్న అచాఫలాయా పాయలోకి జారిపోదామని చూస్తోంది, అటు దారి దగ్గర, వాలు ఎక్కువ. 1963 నుంచి తలుపులు పెట్టి ముప్పై శాతమే అటు వదులుతున్నారు. అరవై ఏళ్ళు దాటింది, ఇంకా నిలబడే ఉంది.

మెరకవీధి:

కరకట్ట గారూ, మీరు అలా పట్టుకోవడం బాగుంది. సగం ఒప్పుకుంటాను. దర్భంగావాళ్ళు సంతోషిస్తారు, ఆ మాట నిజం. కట్ట కట్టినవాళ్ళు తెలివితక్కువవాళ్ళనీ నేను అనను.

కానీ మీరు చెప్పిన స్పిల్‌వేలో నీళ్ళకి పోయే చోటుంది. 2011 మేలో మిసిసిపీ పొంగినప్పుడు వాళ్ళు బర్డ్స్ పాయింట్ దగ్గర కట్టని తామే పేల్చి పొలాల్లోకి వదిలారు. చదరపు కిలోమీటరుకి వెయ్యిమంది ఉన్నచోట ఎవరి పొలాల్లోకి వదులుతారు? కోసీ రెండు కట్టల మధ్య దూరం కొన్నిచోట్ల పది కిలోమీటర్ల పైన ఉంటుంది. ఆ మధ్యలో ఖాళీ లేదండీ, వందల ఊళ్ళున్నాయి. కట్టకి ఇటువైపు వాళ్ళని కాపాడ్డమంటే అటువైపు వాళ్ళని నదిలో ఉంచడమే. వాళ్ళకి బయట ఇళ్ళస్థలాలిచ్చారు. పొలం లోపలా ఇల్లు బయటా అయితే రోజూ పడవెక్కి దుక్కికి ఎవరు పోతారు? చాలామంది వెనక్కి వెళ్ళిపోయారు.

కట్ట బయటివాళ్ళ కష్టం ఇంకోటి. మైదానంలో చిన్న వాగులన్నీ చివరికి పెద్ద నదిలోనే కలవాలి. అడ్డంగా కట్ట వేశాక అవి ఎక్కడ కలుస్తాయి? స్లూయిస్, అంటే తలుపున్న తూము, పెడతారు. నది లోపల మట్టం పెరిగితే తలుపు మూసెయ్యాలి, లేకపోతే నదే బయటికొస్తుంది. కొన్నేళ్ళకి నది వైపు పూడికతో తూము మూతి మూసుకుపోతుంది. అప్పుడు వానకి పడ్డ నీళ్ళు కట్టకి ఇవతలే నెలల తరబడి నిలుస్తాయి. సుపౌల్‌లో ఒకచోట నేను నవంబరులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి రీడింగు తీశాను. వరదలు పోయి రెండు నెలలైంది. రైతు కట్ట మీద కూర్చుని నన్ను చూస్తున్నాడు. "వచ్చిన నీళ్ళతో మాకు గొడవ లేదు బాబూ, పోని నీళ్ళతోనే" అన్నాడు. మైథిలిలో అన్నాడు, నా పక్కనున్న కుర్రాడు హిందీలో చెప్పాడు. ఆ రైతుకి రబీ పోయింది. వరదలో పోయింది ఒక పంట, నిలవ నీళ్ళలో రెండోది.

బీహార్‌లో 1954లో 160 కిలోమీటర్ల కట్టలుండేవి, వరద ముప్పున్న నేల 25 లక్షల హెక్టార్లు. 1990ల నాటికి కట్టలు మూడు వేల కిలోమీటర్లు దాటాయి, ముప్పున్న నేల 69 లక్షల హెక్టార్లకి చేరింది. రెండో అంకె పెరగడానికి కట్టలొక్కటే కారణమని నేను అనను, రోడ్లూ రైలుకట్టలూ ఉన్నాయి. కానీ కట్టలు పెరిగాక ముప్పు తగ్గి ఉండాలి కదండీ?

ఇంకోటి. 2008లో గండి పడిన రోజు నదిలో పారుతున్నది 1.44 లక్షల క్యూసెక్కులు. ఆ కట్టలు కట్టింది 9.5 లక్షలకి. ఏడోవంతు నీళ్ళకే తెగింది. అంత పెద్ద వరదేమీ కాదు, సంరక్షణ లేక తెగిందని మీరంటారు, నిజమే. దానికి తోడు కట్టల మధ్య యాభై ఏళ్ళ ఒండ్రు ఎక్కడికీ పోలేక అక్కడే పేరుకుంది. నది అడుగు పెరిగితే కట్ట పొట్టిదవుతుంది. చైనాలో పసుపు నది దీనికి పెద్దన్న. కైఫెంగ్ ఊరి దగ్గర నది అడుగు ఊరి వీధులకంటే పది మీటర్ల దాకా ఎత్తులో ఉంది. వాళ్ళు రెండు వేల ఏళ్ళకి పైగా కట్టలు కడుతూ, నది పెరిగినకొద్దీ పెంచుతూ వచ్చారు. 1855లో అది తెంచుకుని షాన్‌డాంగ్‌కి దక్షిణాన కలిసేదల్లా ఉత్తరాన బోహాయి సముద్రంలో తేలింది. నది మూతి వందల కిలోమీటర్లు మారిపోయింది. ఈ లెక్కన కోసీ ఇంకా చిన్నపిల్ల.

1937లోనే పాట్నాలో వరదల మీద పెద్ద సమావేశం జరిగింది. కట్టల వల్ల మేలు కంటే కీడే ఎక్కువని అప్పటి ఇంజనీర్లే అన్నారు. మీ శాఖవాళ్ళే అన్నారని గుర్తుచేస్తున్నాను, కోప్పడకండి.

కరకట్ట:

కోపమేం లేదు. తూముల సంగతి ఒప్పుకుంటాను. నా సర్వీసులో కూడా తూము తలుపు తుప్పుపట్టి బిగుసుకుపోతే గడ్డపారలతో ఎత్తిన రోజులున్నాయి. డ్యామ్ మాట మాత్రం వదలను.

చేతిపంపు:

డ్యామ్ గొడవలో నేను దూరను. భూగర్భజలాల పని చేస్తాను. "పాతికడుగులకే నీళ్ళు" అని మెరకవీధి గారన్న చోట ఒక హెచ్చరిక కలుపుదామని వచ్చాను.

ఆ నీళ్ళు ఎంత సులువుగా వస్తాయో అంత ప్రమాదం. గంగా, బ్రహ్మపుత్ర మైదానాల్లో 1970ల నుంచి చేతిపంపులు లక్షల్లో దింపారు. చెరువు నీళ్ళు తాగి పిల్లలు విరేచనాలతో పోతున్నారని దింపారు, మంచికే దింపారు. తర్వాత తెలిసింది, లోతు తక్కువ బోర్లలో ఆర్సెనిక్ ఉందని. బీహార్‌లో 2002లో భోజ్‌పూర్ జిల్లాలో మొదట బయటపడింది. ఫ్యాక్టరీ ఏదీ కారణం కాదు, నదే తెచ్చింది. హిమాలయాల రాళ్ళలోని ఆర్సెనిక్ ఒండ్రులో ఇనుప తుప్పుకి అంటుకుని దిగింది. పల్లాల్లో ఆకూ అలమూ కుళ్ళి మట్టిలో ఆక్సిజన్ అయిపోతే ఆ తుప్పు కరుగుతుంది, దానికి అంటుకున్నదీ నీళ్ళలో కలుస్తుంది. రంగు ఉండదు, రుచి ఉండదు. ఏళ్ళ తరబడి తాగాక అరచేతుల మీద గరుకు బొడిపెలుగా కనిపిస్తుంది.

అట్లాసు పురుగు గారూ, మీకు పరీక్షలో పనికొచ్చే ముక్క: పాత ఒండ్రుని భాంగర్ అంటారు, ఎత్తుగా ఉంటుంది, సున్నపు గడ్డలు తగులుతాయి. కొత్త ఒండ్రు ఖాదర్, వరద ఇప్పటికీ తాకే నేల. ఆర్సెనిక్ ఎక్కువగా ఖాదర్ బాధ. భాంగర్ మెరక మీద దింపిన బోరు చాలావరకు నయం. అంటే మెరక, పల్లం తేడా నేల కింద కూడా ఉంది. ఒకే వాడలో ముప్పై మీటర్ల దూరంలో రెండు పంపులు పరీక్షించాను, ఒకటి లీటరుకి 10 మైక్రోగ్రాముల హద్దు లోపే ఉంది, రెండోది పది రెట్లు మించింది. రెండోదాని నీళ్ళు చల్లగా బాగుంటాయని అందరూ అక్కడికే వచ్చేవాళ్ళు.

అట్లాసు పురుగు:

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు, అందరికీ నమస్కారం. మెరకవీధి మాస్టారూ, రెండు అడగాలి. నది పొలాన్ని కోసేసి అవతలి ఒడ్డున మేట వేస్తే ఆ కొత్త నేల ఎవరిది? రెండోది, ఆ 8 సెంటీమీటర్లు ఏమయ్యాయి? తర్వాత చెప్తానన్నారు.

మెరకవీధి:

మొదటిదానికి దాదాపు రెండు వందల ఏళ్ళనాడే చట్టం రాశారు. 1825లో బెంగాల్ రెగ్యులేషన్ 11. నది నెమ్మదిగా జరుగుతూ నీ పొలం అంచున కొంచెం కొంచెంగా మేట వేస్తే అది నీకే కలుస్తుంది. ఒక్కసారిగా దారి మార్చి నీ పొలాన్ని అవతలి ఒడ్డున పడేస్తే, గుర్తుపట్టగలిగినంత వరకు అది నీదే. పెద్ద నది నడిమధ్య కొత్తగా లంక తేలితే సర్కారుది. రికార్డుల్లో నది తిన్న నేలని గంగ్ శికస్త్ అనీ, నది ఇచ్చిన నేలని గంగ్ బరార్ అనీ రాస్తారు. చదవడానికి ఎంత బాగుంది! అయితే "నెమ్మదిగా" అంటే ఎంత, "ఒక్కసారిగా" అంటే ఎంత అన్నది అసలు పేచీ. ఒక్క వరద రాత్రి అర ఎకరం పోతే అది ఏ ఖాతాలోకి వస్తుంది? అవతలి ఒడ్డు వేరే జిల్లా అయితే? ఈలోగా లాఠీలున్నవాడు విత్తనం చల్లేస్తాడు.

ఒకాయన నాకు ప్లాస్టిక్ కవర్లో కట్టిన శిస్తు రసీదులు చూపించాడు. ఆయన పొలం పన్నెండేళ్ళుగా నదిలో ఉందట. శిస్తు మాత్రం కడుతూనే ఉన్నాడు. ఎందుకు కడుతున్నావయ్యా అంటే, నది తిరిగొచ్చినప్పుడు కాగితం లేకపోతే నేను లేనట్టే కదా అన్నాడు. ఎందుకు వెళ్ళిపోరని నువ్వు అడిగావు చూడు, ఆయన వెళ్ళకపోవడానికి కారణం ఆ కవర్లో ఉంది. వాళ్ళబ్బాయి లూధియానాలో ఉన్నాడు, శిస్తు డబ్బు అక్కణ్ణుంచే వస్తుంది.

ఇక 8 సెంటీమీటర్లు. మూడు రోజులు వెతికాను. లెక్క మళ్ళీ వేశాను, పరికరం సరిచూశాను. ఆ తప్పు లెక్క ప్రకారం ఉత్తరం టోలా పల్లంలో ఉన్నట్టు, దక్షిణం టోలా మెరక మీద ఉన్నట్టు తేలింది. ఊళ్ళో ఒక ముసలమ్మ అరుగు మీద కూర్చుని నా అవస్థ చూస్తూ, నీళ్ళు ఎప్పుడూ దక్షిణం టోలాకే ముందు వస్తాయి, నీ గొట్టానికి పిచ్చెక్కింది అంది. నాలుగో రోజు ఆవిడే చూపించింది. నా స్టాఫ్ పట్టుకునే కుర్రాడు మలుపు మలుపుకీ కర్రని తడి మట్టి మీద ఆనించి, నేను పరికరం మార్చుకుని వచ్చేలోపు దాని మీద ఒరిగి నిలబడుతున్నాడు. ఒక్కో చోటా అది పావు అంగుళం దిగుతోంది. పదమూడు మలుపుల మీద కూడితే నా 8 సెంటీమీటర్లు అక్కడే ఉన్నాయి. స్టాఫ్ కింద ఇనపబిళ్ళ పెట్టాల్సింది, బండి బరువవుతుందని నేనే క్యాంపులో వదిలి వచ్చాను. తప్పు ఆ కుర్రాడిది కాదు.

బిళ్ళ పెట్టి మళ్ళీ కొలిస్తే ఆవిడ మాటే నిజమైంది, దక్షిణం టోలాయే పల్లం. అక్కడి ఇళ్ళ అరుగులు ఎత్తుగా, ఉత్తరం వైపువి కాస్త తక్కువగా రాసిచ్చాను. ఆవిడ సంతోషించింది, నేనూ సంతోషించాను. మరుసటి ఏడాది ఆగస్టులో గట్టి వానకి నీళ్ళు ముందు ఉత్తరం టోలాలోకే వచ్చాయి.

మధ్యలో కొత్తగా తారురోడ్డు వేశారు, నేల కంటే మీటరున్నర ఎత్తు. ఆవిడ పాత నేలని చెప్పింది, నేను కూడా నేలనే కొలిచాను. రోడ్డు కింద ఒకే ఒక తూము, రెండడుగులది. నేను వెళ్ళి చూసేసరికి దాని మూతికి ఎవరిదో గడ్డివామి కొట్టుకొచ్చి అడ్డం పడి ఉంది. ఉత్తరం టోలావాళ్ళు నడుం లోతులో నిలబడి కొడవళ్ళతో దాన్ని కోస్తున్నారు.